ఆసా రాజు పాదాలు, నా బొటనవ్రేలు



యూదా రాజైన ఆసా తన ఏలుబడి 39వ ఏట పాదాలలో జబ్బుతో మిక్కిలి బాధపడ్డాడని రెండవ దినవృత్తాంతముల గ్రంథం 16వ అధ్యాయంలో చదువుతాం. అది గౌట్ అయి ఉండవచ్చని కొందరి ఊహ. ఆసా వైద్యులనే నమ్ముకొని దేవుణ్ణి మరిచాడు. నేను ప్రార్థిస్తున్నాను గదా అని వైద్యుని మాట మరిచాను.

ఆ ఏడు క్రిస్మస్ మొదలు మా మహేశ్వరం చుట్టుపక్కల వరుసగా విందులే. యాట కూర, బోటి, తలకాయ మాంసం! పాస్టరుగారికి రెండోసారి వడ్డించనిదే ఎవరూ ఊరుకోరు. తర్వాత మూడు రోజులు నీళ్ళు కూడా ముట్టక ఉపవాసమున్నాను. మూడవ రాత్రి కుడికాలి బొటనవ్రేలు ఎర్రగా వాచింది. దుప్పటి తగిలినా ప్రాణం పోయినట్లుండేది. పరీక్షలో యూరిక్ యాసిడ్ 9 ఉంది. మాత్రలతో నొప్పి పోగానే స్వస్థత కలిగిందని సంఘంలో సాక్ష్యం చెప్పి, మాత్రలు మానేశాను. రెండు నెలలకే మళ్ళీ మంచం పట్టాను.

మాంసంలోను, మన శరీర కణాలలోను ఉండే ప్యూరిన్లు విరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది. మూత్రపిండాలు దాన్ని సరిగా పంపలేకపోతే రక్తంలో పేరుకుంటుంది. డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే సూదుల్లాంటి స్ఫటికాలుగా మారి కీళ్ళలో చేరగలదు. నొప్పి తగ్గినంత మాత్రాన అవి కరిగిపోవు.

గౌట్ ఉన్నవారు పాటించవలసినవి:

• కాలేయం, మూత్రపిండాల వంటి లోపలి మాంసాలు మానాలి. మాంసం, రొయ్యలు తగ్గించాలి.
• బీరు, సారా, కల్లు, తియ్యని కూల్‌డ్రింకులు వద్దు.
• పప్పు, పాలకూర మానవలసిన పనిలేదు. వెన్న తీసిన మజ్జిగ మేలు.
• డాక్టరు వద్దనకపోతే నీళ్ళు బాగా త్రాగాలి.
• బరువు మెల్లగా తగ్గాలి. కఠిన ఉపవాసం యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ఉపవాస కూటానికి ముందే డాక్టరును అడగండి.

పథ్యంతో తగ్గేది కొంతే. నొప్పులు మాటిమాటికి వస్తుంటే, 6 కంటే తక్కువకు దించడానికి అల్లోప్యూరినాల్ వంటి మాత్రలు ఏళ్ళ తరబడి అవసరం కావచ్చు. సొంతంగా మొదలుపెట్టవద్దు, సొంతంగా మానవద్దు.

ఆ తర్వాతి ఆదివారం కర్ర ఊతంతో నిలబడి, నా సాక్ష్యం తొందరపాటని సంఘం ఎదుట ఒప్పుకున్నాను. ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "అయ్యగారూ, మీ మాట విని నేనూ బీపీ మాత్రలు మానేశాను" అన్నాడు. నా వ్రేలి నొప్పి కంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధించింది. మరునాడే ఆయనను డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను.

మాత్ర వేసుకోవడం అవిశ్వాసం కాదు. లూకా కూడా వైద్యుడే గదా! నొప్పిలేని పాదాలతో తన మందిరానికి నడచి వచ్చే కృపను ప్రభువు మనకు దయచేయును గాక!