నట్టు మీద నట్టు

తెనాలి, బాపట్ల, రేపల్లె... ఊరేదైనా పొద్దెక్కేసరికి వీధిలో ఆ కేక వినిపిస్తుంది: “పాతినప సామాన్లు కొంటాం!” ఒకప్పుడు భుజాన గోతం, చేతిలో కాటా. ఇప్పుడు బండికి మైకు. విరిగిన కుర్చీ కాళ్లు, తుప్పుపట్టిన సైకిల్ చైన్లు, కాలిపోయిన మోటార్లు కాటాకెక్కుతాయి. అక్కణ్నుంచి పాత సామాన్ల కొట్టుకు, కొట్టు నుంచి లారీల్లో కొలిమికి పోతాయి. అలా పోవాల్సిన ఇనుమే తెనాలిలోని సూర్య శిల్పశాలలో మనిషి రూపం కట్టుకుని లేచి నిలబడుతుంది.

శిల్పశాలను నడిపే కాటూరి వెంకటేశ్వరరావుది తరతరాలుగా శిల్పాలు చేస్తున్న కుటుంబం. కుమారుడు రవిచంద్ర లలితకళలు చదువుకుని తండ్రికి తోడయ్యారు. ఈ తండ్రీకొడుకులు నట్లు కూర్చి చేసిన గాంధీజీ విగ్రహం ఎత్తు 10 అడుగులు. అందులో 75,000 దాకా నట్లున్నాయి. 2021లో బెంగళూరు కోసం ప్రధాని నరేంద్ర మోదీ విగ్రహాన్ని 14 అడుగుల ఎత్తున తీర్చిదిద్దారు. దానికి సుమారు టన్ను పాత ఇనుము, పది పదిహేను మంది పనివాళ్లు, రెండు నెలల సమయం పట్టాయి. సరుకు కోసం గుంటూరుతో ఆగక హైదరాబాద్, విశాఖ, చెన్నై కొట్లు కూడా గాలించారు.

ఒక్క నట్టును చేతిలోకి తీసుకుని చూడండి. ఆరు పలకలు, మధ్యలో గుండ్రటి బెజ్జం. రెండు నట్లను పలకకు పలక ఆనించి అతికిస్తే సందు లేకుండా కూర్చుంటాయి. నాలుగు వరసలు పేరిస్తే తేనెపట్టులా కనిపిస్తాయి. కానీ బుగ్గ చదును కాదు, వంపు తిరగాలి. అందుకే ముక్కు, పెదవి, కనురెప్ప దగ్గర చిన్న నట్లు, వీపు మీదా భుజాల మీదా పెద్దవి వాడితే రూపం నిలుస్తుంది. ముందు ఇనుప ఊచలతో లోపలి గూడు కడతారు. నట్లకు పట్టిన గ్రీజు, తుప్పు వదిలించకపోతే అతుకు పట్టదు. జింకు పూత ఉన్న ముక్కను అలాగే వెల్డింగ్ చేస్తే వచ్చే పొగ ఆరోగ్యానికి చేటు. మైనంలోనో మట్టిలోనో తప్పు జరిగితే బొటనవేలితో సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పును గ్రైండర్‌తో కోసి తీయాలి. చేయి తిరిగిన శిల్పికి కూడా ఇది ఒళ్లు వంచి చేయాల్సిన పనే.

అంత కష్టపడ్డాక నట్టును నట్టుగానే వదిలేయడంలో ఉంది ఈ కళ అందం. దూరం నుంచి చూస్తే మహాత్ముడు, దగ్గరికెళితే మెకానిక్ షెడ్డు. పికాసో 1942లో పాత సైకిల్ సీటుకు హ్యాండిల్ తగిలించి ఎద్దు తల చేసినప్పుడు కూడా ఆ రెండు వస్తువులనూ దాచలేదు. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించిన పడకండ్ల శ్రీనివాస్ వాహనాల విడిభాగాలతో చేసిన శిల్పాల్లోనూ గేర్లు గేర్లలాగే కనిపిస్తాయి. ఇదే పని పెద్ద ఎత్తునా జరిగింది: ఢిల్లీలో 2019లో తెరిచిన పార్కులో ఏడు ప్రపంచ వింతల నమూనాలకు దాదాపు 150 టన్నుల తుక్కు వాడారు.

అయితే ఇనుముకు విలువుంది. శిల్పి కొనకపోయినా కొట్టువాడు కొంటాడు. ఎవరూ కొననిది చిప్స్ ప్యాకెట్, షాంపూ సాషే, చేపలు మంచులో పెట్టి పంపే థర్మోకోల్ పెట్టె. అలాంటి చెత్త కోసం బాపట్ల దగ్గర సూర్యలంక తీరానికీ, రేపల్లె అవతల నిజాంపట్నం హార్బర్‌కూ కళాకారుల చూపు ఇంకా ఎక్కువగా మళ్లాలి. ఘనాలో పుట్టి నైజీరియాలో స్థిరపడిన ఎల్ అనత్సుయ్ మద్యం సీసాల మూతలను సాగగొట్టి, రాగి తీగతో కుట్టి, గోడంత తెరలు చేశారు. చూసినవాళ్లకు అవి జరీ వస్త్రాల్లా అనిపిస్తాయి. ఆయన కొన్నది ఖరీదైన సరుకేమీ కాదు, వెచ్చించింది ఓపిక.

ఆ ఓపిక మన ఇళ్లలో ఎప్పుడూ ఉంది. పాత చీరలు బొంతలయ్యాయి, అగ్గిపెట్టెలు బొమ్మల కొలువులో మేడలయ్యాయి. పాల కవర్లతో చాపలు అల్లే ఇల్లాళ్లూ ఉన్నారు. కవరును ఖాళీ చేయగానే కడగాలి, లేకపోతే పులిసిన వాసన ఎంతకీ పోదు. తలకిందులుగా ఆరేసి, పైనా కిందా అతుకులు కత్తిరించేస్తే గొట్టంలా మిగులుతుంది. దాన్ని చుట్టూ తిప్పుతూ వేలెడు వెడల్పున ఏటవాలుగా కోసుకుంటూ పోతే ఒక్కటే పొడవాటి పట్టీ వస్తుంది. ఒకదాని కొసకు మరొకటి ముడేసి, లావుపాటి క్రోషా సూదితో గుండ్రంగా అల్లుకుంటూ రావాలి. నీలం అక్షరాలున్న కవర్లు ఒకవైపు, ఆకుపచ్చవి ఒకవైపు ముందే వేరు చేసి పెట్టుకుంటే అల్లికలో చారలు వాటంతటవే వస్తాయి.