మార్కులు రాకుమారికా, విలేకరికా?

సికిందరాబాదులో సంగీత్ థియేటరు పోయి ఏళ్లయినా, ఆ కూడలిని జనం ఇప్పటికీ సంగీత్ అనే అంటారు. ఆ హాల్లో ఇంగ్లీషు చిత్రాలు చూసి మురిసినవారు మా మామగారు. ‘మెకన్నాస్ గోల్డ్’ నాటినుంచీ ఆయనకు గ్రెగరీ పెక్ అంటే వల్లమాలిన అభిమానం. మొన్న ఆదివారం రాత్రి ఇంట్లో ‘రోమన్ హాలిడే’ పెట్టించారు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. రాకపోవడమే మేలయింది. మాట తెలియని ప్రేక్షకురాలికి నటులు మొహంతోనే జవాబు చెప్పుకోవాలి గదా!

1953లో విలియం వైలర్ రోము నగరంలోనే తీసిన చిత్రమిది. రాచమర్యాదలతో విసిగిన రాకుమారి ఒక రాత్రి ఎవరికీ చెప్పకుండా జారుకొని, ఒక అమెరికన్ విలేకరి గదికి చేరుతుంది. మర్నాడు ఆమె ఎవరో అతనికి తెలిసిపోతుంది. తెలియనట్లే ఊరంతా తిప్పుతూ, స్నేహితుడి చేత దొంగచాటుగా ఫోటోలు తీయిస్తాడు. ఆ కథకు పత్రికలో 5,000 డాలర్ల బేరం.

మొదటి దర్బారు సన్నివేశంలోనే ఆడ్రీ హెప్‌బర్న్ మా అత్తగారిని కొనేసింది. పైన చెక్కుచెదరని చిరునవ్వు. కింద, గౌను మాటున, కాలినుంచి జారిన జోడు కోసం వెతుకులాట. “పెళ్లిపీటలమీద నా కాలు తిమ్మిరెక్కినప్పుడు అచ్చం ఇదే అవస్థ” అని అత్తగారు పకపకా నవ్వారు. హాలీవుడ్‌లో కథానాయికగా ఆమెకిది తొలి చిత్రం. ఉత్తమనటిగా ఆస్కారు కూడా దీనికే వచ్చింది.

“ఆ అబ్బాయి మాత్రం గుంజలా నించున్నాడు!” అన్నారు అత్తగారు, సగం చిత్రం కాగానే.

మామగారు కాఫీ గ్లాసు కింద పెట్టారు. “తన పేరుతో సమానంగా ఆ కొత్తపిల్ల పేరూ వెయ్యమని పట్టుపట్టినవాడే అతను.”

“మంచివాడే నండీ. నేనడిగింది నటన.”

నాకూ అత్తగారి పక్షమే న్యాయంగా తోచింది. ఆస్కారు పరిశీలనకు ఎన్నికైంది కూడా ఫోటోలు తీసే స్నేహితుడి వేషం వేసిన ఎడ్డీ ఆల్బర్టే గాని పెక్ కాదు. చిత్రాన్ని నవ్వులతో నిలబెట్టేది చాలావరకు ఆ గడ్డపు మనిషే. (మన ‘మిస్సమ్మ’లో నాగేశ్వరరావుగారు హాస్యపాత్ర పుచ్చుకోవడం గుర్తొచ్చింది.)

అయితే ఆ రాతి ముఖం దగ్గర నాకు అనుమానం మొదలయింది. అబద్ధాలాడేవారి చేతిని అది కొరికేస్తుందని ప్రతీతి. అక్కడ నిలబడ్డ ఇద్దరూ అబద్ధీకులే! పెక్ చెయ్యి లోపల పెట్టి, అరచేతిని కోటు చేతిలోకి ముడుచుకొని, తెగిపోయినట్లు బయటికి లాగుతాడు. ఆ చిలిపి ఎత్తు హెప్‌బర్న్‌కు ముందు చెప్పలేదట. ఆమె వేసిన కేక నిజమైన కేక. ఎదుటి నటికి అంత చక్కటి క్షణాన్ని అమర్చిపెట్టి తాను పక్కకు తప్పుకోవడం గుంజ చేసే పని కాదు.

చివర రాకుమారి విలేకరుల వరసముందు నిలుస్తుంది. అందరి ఎదుటా ఏమీ చెప్పుకొనే వీలు లేదు. ఆమె కళ్లలో నీరు నిలిచింది. అతను కనురెప్ప కూడా వేయలేదు. స్నేహితుడు ఆ దొంగ ఫోటోలను ఆమెకే కానుకగా ఇచ్చేశాడు.

“మరి ఆ డబ్బు?” అన్నారు అత్తగారు.

“లేదు. కథ అచ్చు వేయించడు.”

ఖాళీ అయిన ఆ పెద్ద మందిరంలో పెక్ జేబుల్లో చేతులు పెట్టుకొని ఒంటరిగా నడుస్తున్నాడు. మామగారు తెరను మాని అత్తగారి మొహంకేసి చూస్తున్నారు.

“ఆ నడక మళ్లీ ఒకసారి వెయ్యమ్మా” అన్నారావిడ. మార్కులెన్నో మాత్రం ఇంతవరకూ చెప్పలేదు.