ఆసుపత్రికి చోటెక్కడ?

సూరత్ బట్టల బజారులో చీరలు కొనే వ్యాపారి పది దుకాణాలు తిరుగుతాడు. నేతను వేళ్ళతో నలిపి చూస్తాడు. ధర నచ్చకపోతే లేచిపోతాడు. ఆ బజారును నిలబెట్టింది పోటీయే. కాని అర్ధరాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగే రోగి పది ఆసుపత్రుల గడప తొక్కలేడు. తనకు ఏ చికిత్స అవసరమో, దానికి ఎంత ధర న్యాయమో అతనికి తెలియదు. వైద్యం అమ్మేవాడే అది అవసరమని నిర్ణయించేవాడు కూడా. మరి కొత్త ఆసుపత్రుల నిర్మాణాన్ని బజారు పోటీకే వదలివేయవచ్చునా? లేక ప్రభుత్వం పగ్గాలు పట్టవలెనా?

సూరత్ నగరపు ఆగ్నేయ భాగాన వున్న డిండోలి వంటి పేటలకు ఇది ప్రాణసమస్య. లింబాయత్, ఉధనా దాని ఇరుగుపొరుగు ప్రాంతాలు. ఖాందేశ్ నుంచి వచ్చిన మరాఠీలు, ఒడియా, ఉత్తరప్రదేశ్, బీహారు కార్మికులతోపాటు, వరంగల్, కరీంనగర్, నల్గొండ జిల్లాల నుంచి తరలివెళ్ళిన తెలుగు నేతకారులు కూడా ఈ ప్రాంతాలలో దశాబ్దాలుగా కాపురముంటున్నారు. మరమగ్గం ఆగితే కూలి ఆగుతుంది. అట్టి కుటుంబం ఆసుపత్రి కోసం ఎంత దూరం పోతే కూలిలో అంత కోత.

ప్లేగు నేర్పిన పాఠం

1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు తలయెత్తింది. కొద్ది రోజులలోనే లక్షలాది జనం నగరం విడిచి వెళ్ళారు. ప్రైవేటు వైద్యులు కూడా పెద్ద సంఖ్యలో తలుపులు మూసి వెళ్ళిపోయారు. రోగుల భారమంతా ప్రభుత్వ సివిల్ ఆసుపత్రి మీద పడింది. యాభై మందికి పైగా మరణించారు. 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు మురికివాడలలోనూ, వీధులలోనూ పారిశుద్ధ్యానికి పూనుకొని నగరం రూపు మార్చారు. 2000 ప్రాంతంలో నగరపాలక సంస్థ స్వంత వైద్య కళాశాలను, దానికి అనుబంధంగా ఆసుపత్రిని నెలకొల్పింది. లాభం వున్నచోట పోటీ ముందుకు వస్తుంది; ఆపద ముంచుకొచ్చినప్పుడు నిలిచి వుండవలసిన బాధ్యత మాత్రం దానికి లేదు. ప్లేగు దినాలు చెప్పిన మాట ఇదే.

అమెరికా చేసిన ప్రయోగం

అయితే ప్రభుత్వ నియంత్రణ సర్వరోగనివారిణి అనుకోవడం కూడా పొరపాటే. లాస్ ఏంజెలిస్‌లో ఆచార్యుడుగా పనిచేసిన మిల్టన్ రోమర్, పడక వేస్తే చాలు, అది నిండి తీరుతుందని సుమారు 1960 ప్రాంతంలో సిద్ధాంతీకరించాడు. అవసరం లేకున్నా పడకలు పెరిగితే ఖర్చు పెరుగుతుందన్న ఈ భయంతోనే 1964లో న్యూయార్కు రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఆ ప్రాంతానికి కొత్త ఆసుపత్రి అవసరమని ప్రభుత్వం ధ్రువీకరిస్తేనే నిర్మాణానికి అనుమతి. 1974లో కేంద్ర ప్రభుత్వం ఈ పద్ధతిని దేశమంతటికీ విస్తరింపజేసింది.

ఫలితం ఆశించినట్లు రాలేదు. కొత్తవారి దరఖాస్తుకు పాత ఆసుపత్రులు అభ్యంతరం చెప్పే అవకాశం ఏర్పడింది. ప్రజల ఖర్చు తగ్గించడానికి పెట్టిన కంచె, లోపల వున్నవారికి కోటగోడ అయిందని విమర్శకులు అన్నారు. 1986లో కేంద్ర చట్టం రద్దయింది. ఫ్లోరిడా సాధారణ ఆసుపత్రులకు ఈ నిబంధనను 2019లో ఎత్తివేసింది. అనేక రాష్ట్రాలు నేటికీ దానిని ఏదో ఒక రూపంలో అట్టిపెట్టుకున్నాయి.

మన చట్టాలు అడిగేదేమిటి?

మన దేశంలో పరిస్థితి వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లో ప్రైవేటు వైద్యసంస్థల రిజిస్ట్రేషను చట్టం చేసింది. 2010లో కేంద్ర చట్టం వచ్చింది. గుజరాత్ 2021లో స్వంత చట్టం చేసుకుంది. ఈ చట్టాల దృష్టి రిజిస్ట్రేషను మీద, సిబ్బంది, వసతులు, కనీస ప్రమాణాల మీద వుంటుంది. ఆసుపత్రి అవసరమైన చోటనే వెలిసిందా అన్నది వాటి ప్రధాన ప్రశ్న కాదు. పర్యవసానంగా, డబ్బున్న పేటలో ఒకే వీధిలో నాలుగు ఆసుపత్రులు లేవవచ్చు. కార్మికుల పేటకు ఒక్కటీ రాకపోవచ్చు.

2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకం అర్హులైన కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు హామీ ఇచ్చింది. వలస వెళ్ళిన కార్మికుడు ఆ కార్డును పరాయి రాష్ట్రంలోనూ వాడుకునే వీలు కల్పించింది. ఇది గొప్ప మేలు. కాని కార్డు వైద్యానికి వెల చెల్లిస్తుందే తప్ప, ఆసుపత్రి లేనిచోట దానిని నిర్మించదు.

నిర్మాణానికి కొలబద్ద లేకపోలేదు. 2013లో ఆరంభమైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రతి 50 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్యకేంద్రం, రెండున్నర లక్షల మందికి 30 నుంచి 50 పడకల సామాజిక ఆరోగ్యకేంద్రం వుండాలని నిర్దేశించింది. మహానగరాలలో 5 లక్షల మందికి 100 పడకలన్నది లెక్క.

ఆసుపత్రి అవసరమా అనే ప్రశ్నను అమెరికా కొత్తగా కట్టదలచినవాణ్ణి అడిగింది. మనం దానిని ప్రభుత్వాన్నే అడగవలసి వుంది. ప్రమాణాలు పాటించే ఎవరినీ కట్టవద్దనవలసిన పని లేదు. కాని ఏ పేటలో ఎందరున్నారు, ఎన్ని పడకలున్నాయి అన్న లెక్కను నగరపాలక సంస్థ ఏటా బహిరంగంగా ప్రకటించాలి. ఆ లెక్కలో వెలితి తేలినచోట, లాభాపేక్షగలవారు రాకపోతే, ప్రజాధనంతో తానే ఆసుపత్రి కట్టాలి. రాత్రి పాళీ ముగించుకుని జ్వరంతో ఇల్లు చేరే మగ్గం కార్మికుడికి దగ్గరలో ఒక పడక దొరకాలంటే, పోటీ వదలివేసిన చోటును ఎవరో ఒకరు తమ బాధ్యతగా స్వీకరించక తప్పదు.