మానిటరింగ్ అంటే నిఘాయేనా?

ఇంగ్లీషులో సర్వర్‌కి చేసేది మానిటరింగ్, మనిషి మీద పెట్టేది సర్వైలెన్స్. మొదటి మాటకి మూలం లాటిన్‌లో 'హెచ్చరించు' అనే క్రియ. రెండోది ఫ్రెంచి మాట, 'పైనుంచి కాపలా కాయడం' అని అర్థం. జర్మన్‌లో మాత్రం రెండింటికీ తరచు ఒకటే మాట వాడతారు: యూబర్‌వఖుంగ్.

నేను కన్సల్టెంటుగా పనిచేసిన ఒకచోట, లాగిన్ సమయాలు నమోదుచేసే టూల్ గురించిన పత్రంలో 'యూజర్ మానిటరింగ్' అని ఉంది. అది జర్మన్‌లోకి వెళ్ళగానే 'యూజర్ల మీద నిఘా' అయి కూర్చుంది. ఉద్యోగుల మండలి, అంటే బెట్రీబ్స్‌రాట్, వారాల తరబడి పని ఆపించింది.

ఇది వట్టి మాటల పట్టింపు కాదు. ఉద్యోగుల ప్రవర్తననీ పనితీరునీ గమనించే సాంకేతిక సాధనం ఏది పెట్టాలన్నా, మండలి ఉన్నచోట దాని అంగీకారం కావాలని 1972 నాటి చట్టం చెబుతోంది. తన సమాచారం ఎవరికి చేరాలో నిర్ణయించే హక్కు ప్రతి మనిషికీ ఉందని 1983లో జనాభా లెక్కల కేసులో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పిచ్చింది. ఇక తూర్పు జర్మనీ గూఢచారి సంస్థ స్టాసీ వదిలివెళ్ళిన కాగితాలు పక్కపక్కన పేరిస్తే దాదాపు 111 కిలోమీటర్లు!

మన తెలుగులోనూ అంతే కదా. 'పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు' అంటే ప్రేమ, 'వాణ్ణి ఓ కంట కనిపెట్టు' అంటే అనుమానం. అందుకే ఇక్కడి క్లయింటుకి పత్రం రాసేటప్పుడు 'మానిటరింగ్' అని వదిలేయకండి. ఏది నమోదవుతుంది, ఎవరు చూస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు అన్న మూడూ విడమరచి రాయండి.