డ్రా అయిన ఆట

చదరంగమున ఎవరును గెలువని ఆటను మనము ఫలితము లేని ఆటగా తలతుము. సత్తెనపల్లి వంటి ఊళ్ల అరుగులపై బల్ల పరచుకొను పెద్దలకు ఆట కట్టు పడనిదే తృప్తి కలుగదు. కాని పోటీలలో డ్రా యనగా వట్టి చేతులతో లేచిపోవుట కాదు. ఇరువురకును చెరి అర పాయింటు. ఆ అర పాయింటు విలువ యెట్టిదో ఒక ఆటనుబట్టి చూతము.

2025 జూలైలో జార్జియా దేశపు బతూమి నగరమున మహిళల ప్రపంచ కప్పు తుదిపోరు జరిగినది. గుడివాడలో జన్మించిన శ్రీమతి కోనేరు హంపికి అప్పుడు 38 ఏండ్లు. ఆమె నెదిర్చిన నాగపూరు క్రీడాకారిణి కుమారి దివ్యా దేశ్‌ముఖ్‌కు 19. జూలై 26న జరిగిన మొదటి ఆటలో తెల్లపావులు దివ్యవి.

తెలుపు మంత్రి ముందరి బంటును రెండు గడులు జరిపినది. నలుపును అట్లే చేసినది. అంతట తెలుపు, మంత్రివైపు శకటు ముందరి బంటును ఎరగా చూపినది. నలుపు దానిని తీసికొన్నది. దీనికి క్వీన్స్ గాంబిట్ యాక్సెప్టెడ్ అని పేరు. క్వీన్ అనగా మన మంత్రియే. బంటు మొదటి ఎత్తున ఒక్క గడియే నడచు మన పాత పద్ధతిలో ఈ ఆరంభము ఈ రూపమున సాధ్యము కాదు.

ఎరను తీసికొనుట ఆశపోతుతనమా? కాదు. చేజిక్కిన బంటును పట్టుకొని వ్రేలాడు నలుపు తన పక్షమునే బలహీనపరచుకొనును. తెలివిగల ఆటగాడు దానిని తిరిగి పోనిచ్చి, ఆ వ్యవధిలో గుర్రములను, శకటులను బయటికి తెచ్చుకొనును. పిదప తన శకటు బంటుతో బల్ల నడుమనున్న తెల్లబంటును ఎదిరించును. తెలుపునకు నడిమి గడులపై పట్టు, నలుపునకు తన పావులు మెదలుటకు వీలు దక్కును. ఈ ఆరంభమునందే ఇచ్చిపుచ్చుకొనుట యున్నది.

నడి ఆటలో తెలుపునకు కొంత మెరుగు కనబడినను హంపి నిలద్రొక్కుకొనిరి. 41 ఎత్తులలో ఆట డ్రా అయినది. మరునాటి ఆటయు అంతే. 28న జరిగిన వేగపు ఆటలలో దివ్య గెలిచి కప్పు నందుకొనిరి. మొత్తము 2.5–1.5. మొదటి దినముననే ఓడియుండినచో, హంపికి రెండవ ఆటను గెలిచియే తీరవలసిన స్థితి వచ్చియుండెడిది. అర పాయింటు కప్పును తేలేదు. ఆ బరువును మాత్రము తప్పించినది.

ఈ సాయంకాలము బల్ల ముందు కూర్చుండు శ్రోతలు ఆ బంటును తీసికొని, దానిని కాపాడుకొనక ఆడి చూతురుగాక.