రెండు తాళపుచెవులు

ఇంటికి తాళము వేసిన చెవితోనే మరల దానిని తీయుదురు. రహస్యలేఖల విషయమునను చిరకాలము ఇట్లే జరిగెను. పంపువాడును అందుకొనువాడును ఒకే సంకేతమును ఎరిగియుండవలెను. అయితే ఆ సంకేతమును ముందుగా చేరవేయుటెట్లు? దారిలో అది పరులచేత చిక్కినచో ఇక రహస్యమెక్కడిది?

1976లో అమెరికాలో డిఫీ, హెల్మన్ అనువారు, వేయుటకొకటి, తీయుటకొకటిగా రెండు చెవులుండవచ్చునని ప్రకటించిరి. మరుసటి యేట రివెస్ట్, షమీర్, ఏడిల్మన్ అను మువ్వురు అట్టి జంటను చేయు గణితమార్గమును కనుగొనిరి. ఇంగ్లండులో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దీనిని కనుగొనెను గాని, ప్రభుత్వ రహస్యమగుటచే 1997 వరకు లోకమునకు తెలియలేదు. వేయు చెవిని ఊరందరికిని పంచిపెట్టవచ్చును. తీయు చెవి యజమాని యొద్దనే యుండును.

ఈ జంట పుట్టుక చూడదగినది. 3, 11 అను ప్రధాన సంఖ్యల లబ్ధము 33. ఒక్కొక్కదానినుండి ఒకటి తీసివేసి గుణించిన 2 × 10 = 20. వేయు చెవిగా 3ను ఎన్నుకొనిన, తీయు చెవి 7 అగును; ఏలయన 3 × 7 = 21; దీనిని 20చే భాగింప శేషము 1. ఇపుడు 5 అను సంఖ్యను దాచవలెను. మూడు అయిదులను గుణించిన 125; 33చే భాగింప శేషము 26. ఈ 26నే పంపుదురు. అందుకొనినవాడు ఏడు ఇరువదియారులను గుణించి 33చే భాగించిన మరల 5 శేషించును. పలకపై చేసి చూడవచ్చును. గుణించినపుడెల్ల 33చే భాగించి శేషమును మాత్రమే ఉంచుకొనిన శ్రమ తగ్గును.

33ను చూచినంతనే 3, 11 అని ఎవరైనను చెప్పుదురు. కావున వాడుకలో ఆ లబ్ధము తరచుగా 617 అంకెల సంఖ్యయై యుండును. అంత పెద్ద సంఖ్యను నేటి కంప్యూటర్లు సయితము విడదీయజాలవు.

ప్రోగ్రాములు వ్రాయువారు ఈ లెక్కలను తాము చేయరు. ఇతరులు వ్రాసియుంచిన ప్రోగ్రాముల సంచయమును వాడుకొందురు. దానిని లైబ్రరీ యందురు. ఓపెన్ ఎస్ఎస్ఎల్ అట్టి లైబ్రరీ. ఒక్క ఆజ్ఞ నిచ్చిన చాలును, చెవుల జంట సిద్ధమగును. అయితే ఆ ప్రధాన సంఖ్యలను పాచికలు వేసినట్లు, ఎవరును ఊహింపజాలని రీతిని ఎన్నుకొనవలెను. అసలు చిక్కు ఇచటనే యున్నది.

డెబియన్ అను ఉచిత కంప్యూటరు వ్యవస్థను కూర్చువారు 2006లో ఈ లైబ్రరీని సవరించుచు, తప్పులు వెదకు సాధనమొకటి హెచ్చరించుటచే ఒక చిన్న ఆజ్ఞను తొలగించిరి. పాచికలకు చలనము నిచ్చునది ఆ ఆజ్ఞయే! అటుపిమ్మట ఒక రకపు యంత్రముపై ఒక కొలతలో పుట్టగల జంటలు 32,768కి మించలేదు. వానినన్నిటిని ముందే చేసి పెట్టుకొనుట దొంగకు పెద్దపని కాదు. లెక్క సరిగానే వచ్చుచుండుటచే రెండేండ్లు ఎవరికిని అనుమానము కలుగలేదు. 2008 మే నెలలో ఈ లోపము బయటపడెను. ప్రోగ్రామును సరిదిద్దుట సులభమే. కాని అంతవరకు పుట్టిన బలహీనపు చెవులు దానితో బాగుపడలేదు. వానిని వెదకి పారవేసి, క్రొత్తవి చేసికొనవలసి వచ్చెను.