ఉన్నత పాఠశాలలో పరస్పర విశ్వాసం

షోలాపూర్ నగరంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అనేకం మరమగ్గాలపైన, బీడీల పనిపైన ఆధారపడి జీవిస్తున్నాయి. బీడీలు చుట్టే తల్లికి వెయ్యికి ఇంత చొప్పున కూలి ముడుతుంది. పని వేళలో పాఠశాల సమావేశానికి వెళితే ఆ మేరకు కూలి తగ్గుతుంది. ఆమె రాకపోవడాన్ని ఉపాధ్యాయుడు అశ్రద్ధగా భావించవచ్చు. పాఠశాల నుండి పిలుపు వస్తే ఫిర్యాదు వినడానికేనని ఆమె భావించవచ్చు. ఇద్దరిలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. నష్టపోయేది మాత్రం విద్యార్థి.

చట్టం చెప్పేది

2009 నాటి విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలలలో యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యులలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు, సగం మంది స్త్రీలు కావాలి. ఎయిడెడ్ పాఠశాలలలో ఈ కమిటీది సలహా పాత్ర మాత్రమే. ఉపాధ్యాయులు తల్లిదండ్రులతో క్రమం తప్పక సమావేశమై హాజరును, అభ్యసన ప్రగతిని తెలియజేయాలని 24వ సెక్షన్ నిర్దేశిస్తుంది. అయితే ఈ చట్టం పరిధి 8వ తరగతి వరకే. చదువు మాని పనిలో చేరాలన్న ఒత్తిడి పెరిగేది 9, 10 తరగతులలోనే. అక్కడ చట్టం కంటే పరస్పర విశ్వాసమే పిల్లలను ఎక్కువగా నిలబెట్టవలసి ఉంటుంది.

విశ్వాసానికి ఆధారాలు

అమెరికాలోని షికాగో ప్రాథమిక పాఠశాలలను అధ్యయనం చేసిన ఆంథొనీ బ్రైక్, బార్బరా ష్నైడర్ 2002లో వెలువరించిన గ్రంథంలో పాఠశాలలోని విశ్వాసానికి నాలుగు ఆధారాలను గుర్తించారు: గౌరవం, వృత్తి సామర్థ్యం, ఎదుటివారి మేలు కోరడం, నిజాయతీ. ఉన్నత పాఠశాలలో ఇవి నిలుపుకోవడం మరింత కష్టం. ప్రాథమిక తరగతిలో తరచుగా ఒకే ఉపాధ్యాయుడు రోజంతా పిల్లవానిని చూస్తాడు. పై తరగతులలో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్కరు వస్తారు. పిల్లవాని పూర్తి స్థితి ఎవరికీ తెలియకపోవచ్చు.

భాష మరొక అడ్డంకి. మరాఠీలో వచ్చిన నోటీసును చాలా ఇళ్లలో పిల్లలే చదివి చెప్పాలి. తనపై ఉన్న ఫిర్యాదును తానే తల్లికి వినిపించే పిల్లవాడు, అందులో ఎంత చెప్పాలో కూడా తానే నిర్ణయిస్తాడు.

ఆచరణలో

ప్రధానోపాధ్యాయుడు సమావేశపు తేదీని, వేళను తల్లిదండ్రుల పనివేళలు విచారించి నిర్ణయించాలి. నోటీసు తెలుగులోనూ ఉండాలి. చదవలేని వారికి పెద్దల ద్వారా కబురు పంపాలి. గత సమావేశంలో ఇచ్చిన మాటలలో ఏవి నెరవేరాయో మొదట చెప్పాలి. ఉపాధ్యాయునిపై ఫిర్యాదు వస్తే, నలుగురిలో మందలించక ముందుగా అతని మాట విడిగా వినాలి. తమకు న్యాయం జరుగుతుందని నమ్మిన ఉపాధ్యాయులే తల్లిదండ్రులతో మనసు విప్పి మాట్లాడగలరు.

ఉపాధ్యాయులు పరీక్ష తప్పినప్పుడే కాక, పిల్లవాడు మెరుగుపడినప్పుడు కూడా ఇంటికి కబురు పంపాలి. అలా చేస్తే తరువాత చెప్పవలసి వచ్చే కష్టమైన మాటను కూడా తల్లిదండ్రులు శాంతంగా వింటారు.

తల్లిదండ్రులు పిల్లవాడు బడికి రాని రోజున కారణం తెలియజేయాలి. సందేహం కలిగితే ముందుగా తరగతి ఉపాధ్యాయుని, పిదప ప్రధానోపాధ్యాయుని, ఆ తరువాతనే కమిటీని సంప్రదించాలి. పిల్లవానిని చదువు మాన్పించాలన్న ఆలోచన వస్తే, నిర్ణయానికి ముందే ఆ మాట పాఠశాలకు చెప్పడం అన్నిటికంటే ముఖ్యం. ముందుగా తెలిస్తేనే పాఠశాల ఏదైనా సహాయం చేయగలదు.